కొలోంబా వంటింటి పలక

నేను ఒక పలకను. పలక అనగానే మీకు చెక్క చట్రం బిగించి, బలపంతో అక్షరాలు దిద్దించే చిన్న పలక గుర్తుకొస్తుంది. అదీ నా జాతిదే. కాని నేను అంత చిన్నదాన్ని కాను. తలుపంత పొడవు, రెండు వేళ్ల మందం, తడిస్తే కాకిరెక్కంత నలుపు. నా మీద ఎవరూ ఓనమాలు దిద్దలేదు. పిండి కలిపారు, చేపలు కోశారు, పసిపిల్లలకు స్నానాలు చేయించారు. ఇప్పుడు సగమే మిగిలాను. ఆ రెండో సగం ఏమైందో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

ఇటలీ దేశం పటంలో బూటులా కనిపిస్తుందంటారు. ఆ బూటు పైభాగాన, పడమటి అంచున, సముద్రం వెంట వంగిన సన్నటి నేల ఒకటుంది. పేరు లిగూరియా. అక్కడ కొండ దిగితే సముద్రమే. నడుమ చదునైన నేల అంటూ దాదాపు లేదు. అందుకని అక్కడి జనం కొండనే మెట్లు మెట్లుగా కోశారు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. ఆ గోడల వెనక బుట్టలతో మట్టి మోసి పోసి ఆలివ్ చెట్లు, నిమ్మచెట్లు, ద్రాక్షతీగలు పెంచారు. ప్రతి వానకీ ఎక్కడో ఒక గోడ కూలేది. మళ్లీ పేర్చేవాళ్లు. తాత పేర్చిన గోడనే మనవడూ పేర్చేవాడు. ఇంత మొండి మనుషుల్ని ఇంకెక్కడా చూడలేదని చెప్పేదాన్ని, నేను వేరే చోటు చూసి ఉంటే.

రివాస్కూరా అనే ఊరికి పైన ఉన్న కొండ కడుపులో పుట్టాను. ఆ కొండల్లో నల్లరాయి పొరలు పొరలుగా ఉంటుంది. జెనోవా మహానగరంలో ఇళ్ల కప్పుల మీద పరిచినవి మా రాళ్లే. చర్చి మెట్లు మావే. గుర్రమెక్కి పామును చంపే మహాత్ముడి బొమ్మ చెక్కి షావుకార్లు తమ గుమ్మాల పైన నిలబెట్టుకున్న రాళ్లూ మావే. రాతి గనిలో మగవాళ్లు నూనెదీపాల వెలుగులో వెల్లకిలా పడుకొని, తలపైనున్న రాతిని కోసేవాళ్లు. ఆ ధూళి అంతా వాళ్ల ఛాతీలోకే పోయేది. దగ్గుతూనే నన్ను కోశారు. కొండ చెమ్మ ఆరకముందే పొరలు విడదీయాలి, ఆరితే రాయి మాట వినదు. అందుకని నన్ను తడితడిగానే చీల్చి బయట వెలుగులో పెట్టారు.

అక్కడినుంచి సముద్రపు ఒడ్డుకు చేర్చడం ఆడవాళ్ల పని. బండ్లు పోయే దారి లేదు. కంచరగాడిదలు కూడా కాలు జారే బాట. రివాస్కూరా ఆడపిల్లలు నెత్తిమీద గుడ్డ చుట్టకుదురు పెట్టుకొని, దానిమీద పలకలు పెట్టుకొని, ఉత్తకాళ్లతో దిగేవాళ్లు. చేతులు ఊరికే ఉంచుకోవడం ఇష్టంలేక నడుస్తూ నడుస్తూ మేజోళ్లు అల్లుకునేవాళ్లు. దూరంనుంచి చూసిన పెద్దమనుషులు ఎంత అందంగా నడుస్తున్నారో అని మెచ్చుకునేవారు. నెత్తిమీద బరువున్న మనిషి మెడ నిటారుగా పెట్టక ఏం చేస్తుంది?

నన్ను ఒకరు మోయలేరు. అక్కచెల్లెళ్లు ఇద్దరు ఎత్తుకున్నారు. ముందు అక్క బెనెడెట్టా, వెనక చెల్లెలు కొలోంబా. అంతకుముందు రోజంతా వాన పడింది. అలలు లేచేలోగా పడవ బయలుదేరాలని, సరుకు ఆలస్యం కాకూడదని మేస్త్రీ తొందరపెట్టాడు.

"అక్కా, నెమ్మదిగా వెళ్లు. నీ అడుగు నాకు కనబడటం లేదు" అంది కొలోంబా.

"ఇంకెంత, మలుపు దాటితే సముద్రం కనిపిస్తుంది" అంది బెనెడెట్టా.

మలుపు దగ్గర ఆమె మడమ జారింది. చెల్లెలు నన్ను పక్కకు తోయాలని చూసింది. ఆ బాటలో పక్క అనేది లేదు. ఒకవైపు గోడ, ఇంకోవైపు లోయ. బెనెడెట్టా గోడ మీద పడింది, నేను బెనెడెట్టా మీద పడ్డాను. నా మూల ఒకటి విరిగి లోయలోకి దొర్లింది. ఆమె నడుము విరిగింది. మంచంలో చలికాలమంతా ఉండి, ఆలివ్ పూత వచ్చే రోజుల్లో పోయింది.

ఒడ్డున నన్ను చూసిన మేస్త్రీ, "మూల పోయింది. ఇది పడవెక్కదు. పక్కన పడేయండి" అన్నాడు.

అక్క పోయాక కొలోంబా నన్ను అక్కడ వదిలిపెట్టలేదు. మిగతా ఆడవాళ్లని బతిమాలి, ఒకపూట నన్ను ఇంటికి మోయించింది. వాళ్లమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "దాన్ని నా ఇంట్లోకి తేకు. నా పిల్లని మింగిన రాయి అది" అంది.

"అక్క సగం దూరం మోసిందమ్మా. మిగతా సగం నేను మొయ్యకుండా ఎలా ఉండను" అంది కొలోంబా. ఆ మాటకు తల్లి పక్కకు జరిగింది.

అలా నేను వంటింటి బల్లనయ్యాను. ఒకవైపు ఒక రాతి దిమ్మ, ఇంకోవైపు ఒక రాతి దిమ్మ, వాటిమీద నేను. వంటిల్లు ఇరుకు. నా రెండు చివరలూ దాదాపు గోడలకు ఆనుకొనే ఉండేవి. ఆ ఇంట్లో నేను చాలా కాలం బతికాను. బతకడం అనే మాట రాయికి పనికొస్తుందో లేదో గాని, నాకు ఇంకో మాట తెలియదు. చెస్ట్‌నట్ పిండి రొట్టెలు నా మీదే ఒత్తారు. శనగపిండి నీళ్లలో కలిపి ఆలివ్ నూనె పోసి కాల్చే మందపాటి అట్టు అక్కడి పేదవాళ్ల భోజనం. దాని పిండి నా మీదే రాత్రంతా నానేది. వేసవి మొదట్లో నెత్తళ్లు పడ్డప్పుడు ఇల్లంతా నా చుట్టూ చేరి వాటి తలలు గిల్లి, జాడీల్లో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు పరిచేది. ఆ ఉప్పు నా ఒంట్లోకి ఇంకింది. ఎంత తోమినా పోని తెల్లమచ్చ ఒకటి పడింది.

కొలోంబా ఒక జాలరిని పెళ్లాడింది. ఒక కూతురు పుట్టింది, ఎర్మీనియా. ఆ పిల్ల పుట్టింది కూడా ఆ వంటింట్లోనే, నా పక్కన పరిచిన చాపమీద. చలికి వేరే గదిలో నిప్పు లేదు. కొన్నేళ్లకు జాలరి వెళ్లిన పడవ తిరిగి రాలేదు. పడవలు తిరిగి రాకపోవడం ఆ ఊరికి కొత్త కాదు. కొండమీది చర్చిలో గోడనిండా పటాలే. తుపానులో చిక్కిన పడవ, మబ్బుల్లో కన్యమరియ, కింద కృతజ్ఞతలు. బతికొచ్చినవాళ్లు వేయించిన పటాలు అవి. రానివాళ్లకు పటాలు లేవు. కొలోంబా ఏడ్చింది, తర్వాత పిండి కలిపింది. ఆమె మెడ చివరిదాకా నిటారుగానే ఉండేది, నెత్తిమీద ఏమీ లేకపోయినా.

ఎర్మీనియా పెరిగింది, పెళ్లయింది, ఒక ఆడపిల్లను కన్నది. ఆ పిల్ల పేరు పీనా. పీనా కొలోంబాను నోన్నా అని పిలిచేది. నోన్నా అంటే అక్కడ అమ్మమ్మ. పీనా ఇంకా నా ఎత్తుకు రాకముందే యుద్ధం వచ్చింది. తండ్రిని సైన్యంలోకి తీసుకుపోయారు. ఆయన ఏ దేశంలో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

యుద్ధం గురించి నాకు పెద్దగా తెలియదు. మనుషులకు కూడా తెలిసినట్టు అనిపించలేదు. మొదట ఒక దేశం శత్రువన్నారు. తర్వాత అదే దేశం మిత్రుడన్నారు, మిత్రులుగా ఉన్నవాళ్లు తుపాకులతో ఊళ్లో దిగి శత్రువులయ్యారు. ఎవరు ఎవరైనా మా వంటింట్లో పిండి మాత్రం అయిపోయింది. అప్పుడు లిగూరియా తీరమంతా ఒక పని మొదలుపెట్టింది. సముద్రపు నీళ్లు ఇనుప పీపాల్లో పోసి ఒడ్డున మంటపెట్టి మరిగించి ఉప్పు చేసేవాళ్లు. ఆ ఉప్పు మూటలు వీపున కట్టుకొని ఆడవాళ్లు కొండలు దాటి అవతలి మైదానానికి నడిచేవాళ్లు. అక్కడ గోధుమలున్నాయి, ఉప్పు లేదు. ఉప్పిచ్చి పిండి తెచ్చుకునేవాళ్లు. దారిలో సైనికులు పట్టుకుంటే అంతా పోయేది. ఎర్మీనియా కూడా వెళ్లేది. వెళ్లిన ప్రతిసారీ కొలోంబా నా మీద చేతులు ఆనించి కూతురు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసేది.

ఆ ఊరి మీదుగా రైలు పోతుంది. రెండు కొండల మధ్య ఎత్తయిన వంతెన, వంతెన నీడలో ఇళ్లు. విమానాలు వంతెన కోసం వచ్చేవి. ఎన్నోసార్లు వచ్చి సముద్రంలో వేసిపోయాయి. ఆ రోజు మధ్యాహ్నం వచ్చినవి ఇళ్లమీద వేశాయి. వంతెనకు ఏమీ కాలేదు.

శబ్దం వినగానే కొలోంబా పీనాను రెక్కపట్టి లాగి నా కిందకు తోసింది, తనూ దూరింది. పైకప్పు దిగింది. కప్పు మీద పరిచిన నా సాటి నల్లపలకలన్నీ చిట్లిపోతూ కిందికి కురిశాయి. పెద్ద దూలం ఒక కొస విరిగిన గోడ మీద, ఇంకో కొస నా నడుమ్మీద పడింది. ఆ క్షణంలోనే నాలో ఒక గీత పోయింది. పైనుంచి కిందదాకా. నేను ఇంకా విడిపోలేదు. రెండు దిమ్మలూ, కింద పడ్డ రాళ్లూ నన్ను పట్టుకొని ఉన్నాయి. గనిలో ఉన్నప్పుడు నా మీద కొండంతా ఉండేది, నాకు బరువు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది, ఎందుకంటే కింద ఊపిరి ఉంది.

పీనా ఏడవలేదు. దుమ్ముతో నోరు నిండిపోయింది. కొలోంబా తన తలగుడ్డ ఉమ్మితో తడిపి పిల్ల మొహం తుడిచింది. "నోన్నా, నీ కాళ్లేవి?" అంది పీనా చీకట్లో తడుముతూ.

"ఉన్నాయిలే. రాళ్లకింద పడుకున్నాయి" అంది కొలోంబా.

ఆమె కాళ్లు మోకాళ్లదాకా నలిగాయి. ఒళ్లు నా ఒక చివర కింద ఉంది, తల దిమ్మకు ఆనింది. పక్కకు తిరగడానికి కూడా చోటు లేదు. పిల్ల నా రెండో చివర కింద ఉంది. వాళ్లిద్దరి చేతులు మాత్రం కలిశాయి.

బయట తవ్వడం మొదలైంది. పొరుగింటి బార్తోలొ గొంతు వినిపించింది. అతను ఒకప్పుడు గనిలో పనిచేసినవాడు, ఇప్పుడు ఎగఊపిరితో నడిచేవాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, కొందరు ఆడవాళ్లు చేతులతోనే రాళ్లు తీస్తున్నారు. ఎండ వాలుతున్నప్పుడు ఎర్మీనియా వచ్చింది. కొండ దిగుతూనే దుమ్ము చూసిందట. పిండిమూట ఎక్కడో పడేసి పరిగెత్తింది.

"అమ్మా" అని పిలిచింది. అరవలేదు. నిద్రపోతున్న మనిషిని లేపినట్టు పిలిచింది.

"ఇక్కడే ఉన్నామే. పిల్ల బాగుంది" అంది కొలోంబా.

పీనా ఉన్నవైపు చిన్న సందు దొరికింది. చెయ్యి పట్టేంత సందు. ఎర్మీనియా పడుకొని చెయ్యి లోపలికి చాపితే కూతురి జుట్టు అందింది. అంతకన్నా లోపలికి పోలేదు. పక్కింట్లో పొయ్యి నిప్పు దూలాలకు అంటుకుంది. పొగ మెల్లగా మా వైపు వస్తోంది. నీళ్లు తెచ్చే గొట్టాలు పగిలిపోయాయి, సముద్రంనుంచి బాల్చీలతో మోస్తున్నారు. పొగ ఆగడం లేదు. పీనా దగ్గడం మొదలుపెట్టింది. కొంతసేపటికి దగ్గు కూడా సన్నబడింది.

బార్తోలొ బోర్లాపడి సందులోంచి నన్ను తడిమాడు. వేళ్లతో గీత వెంట పోయాడు. లేచి చేతుల దుమ్ము దులుపుకున్నాడు.

"చెప్పు" అంది ఎర్మీనియా.

"గునపాలు పెట్టి ఈ కొస లేపితే పిల్లని లాగెయ్యొచ్చు. కాని పలక నడుమ విరిగింది ఎర్మీనియా. ఇటు లేస్తే అటు దిగుతుంది. దానిమీద దూలం ఉంది."

"ముందు దూలం తియ్యండి."

"దూలం తియ్యాలంటే ఆ గోడ విప్పాలి. రేపటికి అవుతుంది. పొగ చూశావుగా."

ఎర్మీనియా నేలమీద కూర్చుండిపోయింది. మగవాళ్లు గునపాలు పట్టుకొని నిలబడ్డారు గాని ఎవరూ ముందుకు రాలేదు. చెప్పేవాళ్లు చెప్పాలి. చెప్పవలసింది ఆమె ఒక్కతే.

నా కింద కొలోంబా అంతా విన్నది. ఊపిరి గట్టిగా పీల్చుకుంది. ఆ గొంతు ఎంత మామూలుగా వచ్చిందో నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఏమే, లేపమను. ఇటువైపు మూలన చోటుంది. నేను అందులోకి జరిగాను. పలక దిగినా నా మీదకు రాదు."

పీనా తల తిప్పింది. "నోన్నా, అక్కడ..." అంది. కొలోంబా అరచెయ్యి పిల్ల నోటిమీద పడింది. గట్టిగా మూయలేదు. మెత్తగా ఆనించింది. చీకట్లో ఇద్దరి కళ్లూ నాకు కనబడవు. కాని పిల్ల మాట ఆ అరచేతి కింద ఆగిపోవడం తెలిసింది.

బయట ఎర్మీనియా అడిగింది, "నిజంగా చోటుందా అమ్మా?"

"ఉందంటున్నాగా. నన్ను తర్వాత తవ్వి తియ్యండి. తొందరేం లేదు. పిల్లకి ఊపిరాడటం లేదు."

దూరంగా ఎవరో బాల్చీ కిందపెట్టిన చప్పుడు. ఎర్మీనియా నోరు తెరిచేలోగా నేను ఏం కోరుకున్నానో చెబుతాను. మళ్లీ తడిరాయినై కొండలోకి కలిసిపోవాలనుకున్నాను. ఆ గీత పూడిపోవాలనుకున్నాను. రాయి కోరుకుంటే ఏమవుతుంది.

"లేపండి" అంది ఎర్మీనియా.

గునపాలు దిగాయి. నా కొస లేచింది. చేతులొచ్చి పీనాను పట్టుకున్నాయి. కొలోంబా పిల్ల చెయ్యి వదిలింది. పిల్లే వదల్లేదు. అమ్మమ్మ ఒక్కో వేలూ విడదీసి వదిలించుకుంది. పీనా బయటపడింది. నేను నడుమ రెండయ్యాను. దూలం బరువంతా నా రెండో సగంతో కలిసి కిందికి పోయింది.

ఆమె అరవలేదు. అరిస్తే కూతురు వింటుందని అనుకుందో, అరిచే సమయం లేకపోయిందో నాకు తెలియదు. ఇంత దగ్గరున్న నాకే తెలియదు.

మర్నాడు గోడ విప్పి దూలం తీశారు. నా రెండో సగం ముక్కలు ముక్కలైంది. కొలోంబాను దుప్పటిలో చుట్టి తీసుకుపోయారు. ఎర్మీనియా అక్కడ నిలబడి ఆ చోటు చూసింది. చాలాసేపు చూసింది.

కొన్నాళ్లకు బార్తోలొ ఇంట్లో తలదాచుకున్నప్పుడు కూతుర్ని అడిగింది. నేను ఆ ఇంటి ముందే, శిథిలాల పక్కన గోడకు ఆనించి ఉన్నాను. "పీనా, అమ్మమ్మకి చోటు ఉందా అక్కడ?"

పీనా అప్పటికి మాట్లాడటం మానేసి చాలా రోజులయింది. ఆ ప్రశ్నకు మాత్రం నోరు తెరిచింది.

"ఉందమ్మా. ఉంది. రాయే పక్కకు జారింది."

అంత చిన్న పిల్లకు ఆ అబద్ధం ఎవరు నేర్పారు? నోటిమీద ఆనిన ఆ అరచెయ్యే నేర్పి ఉంటుంది. ఎర్మీనియా కూతుర్ని ఒళ్లోకి తీసుకొని, "అయితే ఆ రాయే చంపింది" అంది. లేచి వచ్చి నన్ను కాలితో తన్నింది. కాలివేలు చిట్లింది. "దీన్ని నా కంటికి కనబడకుండా చెయ్యి" అని బార్తోలొకి చెప్పింది. అతను బండిమీద నన్ను ఒడ్డుకు లాక్కుపోయి, రేవు దగ్గర అలల్ని ఆపే రాళ్లకట్టలో పడేశాడు.

అక్కడ నేను ఎంతకాలం ఉన్నానో లెక్కలేదు. యుద్ధం ముగిసింది. పీనా తండ్రి రాలేదు. వంతెన అలాగే ఉంది. రైళ్లు దానిమీదుగా కొత్తరకం మనుషుల్ని తెచ్చాయి. వాళ్లు నామీద తువ్వాలు పరచుకొని ఎండకు పడుకున్నారు, ఐస్‌క్రీం కార్చారు, ఈ ఊరు ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నారు. ఇళ్లకు పసుపు, గులాబీ, ఎరుపు రంగులు వేశారు. జాలర్ల ఇళ్లు అద్దెగదులయ్యాయి. కొండమీది గోడలు కూలితే పేర్చేవాళ్లు తక్కువయ్యారు. ద్రాక్షతోటల్లో ముళ్లు మొలిచాయి. గని నోరు మూసేశారు. ఉత్తకాళ్లతో పలకలు మోసిన ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయారు. వాళ్లు పోయాక ఊరికి వాళ్లమీద ప్రేమ పుట్టింది. పాత నూనెగానుగ ఉన్న గదిలో మ్యూజియం పెడదామన్నారు.

ఆ పని లీదియా అనే అమ్మాయికి అప్పగించారు. ఆమె ఊళ్లోనే పుట్టింది, నగరంలో చదువుకొని వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి చుట్టకుదుర్లు, గని దీపాలు, నెత్తళ్ల జాడీలమీద బరువుపెట్టే రాతిబిళ్లలు పోగుచేసింది. ముసలి జాలరి ఒకడు ఆమెకు నన్ను చూపించాడు. "ఇది కొలోంబా వంటింటి పలక. మనవరాల్ని కాపాడి ఆమెను చంపింది" అన్నాడు. నన్ను లేపించి, కడిగించి, గదిలో చెక్క దిమ్మమీద పడుకోబెట్టారు.

లీదియా వెళ్లి ఎర్మీనియాను పిలిచింది. ఎర్మీనియా అప్పటికి బాగా ముసలిదయింది. పీనా చెయ్యి పట్టుకొని వచ్చింది. పీనా జుట్టూ నెరిసింది. పెళ్లి చేసుకోలేదు, తల్లిని వదల్లేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే మాట దాటకుండా బతికారని వాళ్ల నడకలోనే తెలిసింది. ఒకరు ఆగితే ఇంకొకరు ఆగుతున్నారు.

"మీకు కష్టమైతే ఇది ఇక్కడ పెట్టనండీ" అంది లీదియా.

"పెట్టుకో తల్లీ. నాకు కొంచెం మంచినీళ్లు కావాలి. పీనా, నువ్వు కూడా వెళ్లు, గ్లాసు కడిగి తే" అంది ఎర్మీనియా.

వాళ్లు బయటికి వెళ్లారు. ఆమె వంగి, నా ఉప్పుమచ్చ మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కొలోంబా చెయ్యిలాగే ఉంది, ఎముకలు పైకి తేలి. తల్లితో మాట్లాడుతున్నట్టు మెల్లగా అంది.

"మూలన చోటుందన్నావు. ఆ వంటింట్లో పుట్టినదాన్నమ్మా నేను. అందులోనే పాకాను. అక్కడ చోటు లేదని నాకు తెలియదా? నువ్వు ఆ మాట అనగానే తెలిసింది. తెలిసే లేపమన్నాను."

కాసేపు ఊపిరి తీసుకుంది. "పిల్లకి తెలియదు. ఆనాడే అడిగి చూశాను. నువ్వు చోటులోకి జరిగావనే అనుకుంటోంది. నేనే చంపమన్నానని తెలిస్తే అది బతకలేదు. అందుకే రాయిని తిడుతూ వచ్చాను. అది తిట్లు పడుతుందిలే."

అడుగుల చప్పుడు వినిపించింది. పీనా నీళ్లతో వచ్చింది. "ఏమంటున్నావమ్మా?"

"ఏం లేదు. చల్లగా ఉంది రాయి" అంది ఎర్మీనియా.

నీళ్లు తాగింది. ఇద్దరూ వెళ్లిపోయారు. నాకు నోరు లేదనే బాధ అంతకుముందు ఎప్పుడూ అంతగా తెలియలేదు. ఇద్దరికీ చెరో నిజం తెలుసు, రెండూ ఒకటే నిజం. ఒక్క మాట అనగలిగితే ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడి ఏడ్చేవాళ్లు. అన్నేళ్లపాటు ఒకే బల్లదగ్గర కూర్చొని, ఒకే రొట్టె తుంచుకొని, ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుంటూ ఎవరికివారే మునిగిపోయారు. వాళ్లు గుమ్మం దాటుతుంటే పిలవాలనిపించింది. ఎవర్ని పిలవను, దేంతో పిలవను?

ఆ చలికాలం ఎర్మీనియా పోయింది.

చర్చిలో కార్యక్రమాలన్నీ అయ్యాక ఒకరోజు పీనా ఒంటరిగా వచ్చింది. మ్యూజియంలో ఎవరూ లేరు, లీదియా తప్ప. పీనా నా దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుంది. లీదియా పలకరించడానికి వచ్చి పక్కన నిలబడితే, ఉన్నట్టుండి చెప్పేసింది. అమ్మమ్మ కాళ్ల సంగతి, లేని చోటు సంగతి, నోటిమీద ఆనిన చెయ్యి సంగతి, విడదీసిన వేళ్ల సంగతి. ఏడుపు లేకుండా చెప్పింది. చెబుతూ చెబుతూ తన కుడిచేతి వేళ్లు ఎడమచేత్తో ఒక్కొక్కటే పట్టుకొని చూసుకుంది.

లీదియా ఆమె పక్కన నేలమీద కూర్చుంది. తర్వాత అడిగింది, "మీ అమ్మగారికి ఎప్పుడూ చెప్పలేదా?"

"ఎలా చెప్పను? తను లేపమన్నందుకే అమ్మమ్మ పోయిందని తెలుస్తుందిగా. ఒక్కరోజు కూడా నిద్రపోయేది కాదు."

"ఆమెకు అనుమానం రాలేదంటారా?"

"రాలేదు" అంది పీనా. ఆ మాట అంటున్నప్పుడు ముడుచుకున్న ఆ ముసలి మొహం కొద్దిగా విప్పారింది. "రానివ్వలేదు నేను. ఏమీ తెలియకుండా హాయిగా పోయింది మా అమ్మ. నా జీవితంలో నేను చేసింది అదొక్కటేనమ్మా. అది మాత్రం సరిగ్గా చేశాను."

లీదియా నా పక్కనున్న చిన్న చెక్కపలక వైపు చూసింది. రాయి జారిపడి కొలోంబా మరణించిందని దానిమీద రాసి ఉంది. "దీన్ని మార్చమంటారా? నిజం రాద్దామా?"

పీనా లేచి నిలబడింది. కుర్చీని ఉన్నచోట జాగ్రత్తగా పెట్టింది.

"వద్దు. అలాగే ఉండనీ" అంది.

ఆమె బయటికి నడిచింది. రేవుమీద ఎండ ఉంది. ఒక చెయ్యి గోడకు ఆనించుకుంటూ నెమ్మదిగా మెట్లు దిగింది. అన్నాళ్లూ నోరు లేదని కుమిలినదాన్ని. ఆమె అలా దిగిపోతుంటే, ఒకవేళ ఈ రాతికి ఎప్పటికైనా మాట వస్తుందేమోనని నాకు మొదటిసారి భయం వేసింది.